మూడో పేరు: గురువారాల హాజరు

పోయిన వారం మనం దీసాను స్టడీ సర్కిల్ ఆఫీసు మెట్ల మీద వదిలిపెట్టాం. చేతిలో ఓ ఉత్తరం. "ఈ ఆకురాలు కాలంలో అందరికంటే శ్రద్ధగా నడిచిన సర్కిల్ మీది. వచ్చి ప్రశంసాపత్రం అందుకోగలరు" అని అందులో ఉంది. శనివారం స్టాక్‌హోమ్ నుంచి రికార్డు కంపెనీ ఆయన వస్తున్నాడు, దీసా వాళ్ళ 'మూడో పేరు' బ్యాండు పాటల్ని రిహార్సల్ గదిలోనే కూర్చుని వినడానికి. మూడేళ్ళుగా ఆ రోజు కోసమే బతికిన మనిషి కాబట్టి, దీసా ఆ ఉత్తరాన్ని కూడా మంచి శకునం కిందే జమ వేసుకుంది. పిచ్చిది.

ఆఫీసులో మైబ్రిట్ ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీలో ఉంది. అల్లికలు నేర్చుకునే ముసలమ్మల దగ్గర్నుంచి చెవులు చిల్లులు పడేలా వాయించే కుర్రకారు దాకా ఊరందరి హాజరూ ఆవిడ చేతుల మీదుగానే పోతుంది. దీసాను చూడగానే లేచి చెయ్యి కలిపింది, కాఫీ పోసింది, మొన్నటి లూసియా పండక్కి మిగిలిన కుంకుమపువ్వు బన్ను ఒకటి ముందు పెట్టింది.

"తిను అమ్మాయ్. కాస్త గట్టిపడింది, కాఫీలో ముంచుకో. నిజం చెప్పనా? మీ రాక్ వాళ్ళంటే నాకు హడల్. సెప్టెంబరు హాజరు తెమ్మంటే నవంబర్లో తెస్తారు, అదీ బీరు మరకల్తో. నువ్వు మాత్రం బంగారం. వారానికి రెండుసార్లు!"

"ఒకసారేనండీ," అంది దీసా బన్ను ముంచుకుంటూ. "మంగళవారం."

"మంగళవారం, గురువారం," అని మైబ్రిట్ ఫైలు ఆమె వైపు తిప్పింది. "నీ సంతకమే కదా ఇది?"

వాళ్ళ ఊరు షెలెఫ్టియోలో బ్యాండు పెట్టాలంటే ముందు కావలసింది గిటారు కాదు, ఫారం. ముగ్గురు కలిసి ఏదైనా నేర్చుకుంటున్నామని పేర్లు రాసిస్తే ఈ స్టడీ సర్కిల్ సంఘం వాళ్ళు గది ఇస్తారు, తాళంచెవి ఇస్తారు, కాఫీ పొడి కూడా ఇస్తారు. ముగ్గురికి ఒక్కరు తగ్గినా ఇవ్వరు. బదులుగా వాళ్ళడిగేది వారం వారం హాజరు పట్టీ. సర్కిల్ లీడరు వచ్చినవాళ్ళ పేర్ల ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టి, కింద సంతకం చెయ్యాలి. మూడేళ్ళలో దీసా ఒక్క తప్పుడు గుర్తు పెట్టలేదు. గిటారు వాయిస్తూ పాడే మత్తీస్ జ్వరమొచ్చి రాని వారం, వాడు బతిమాలినా సరే, ఆ గడి ఖాళీగానే వదిలేసింది.

ఫైల్లో మొదటి కాగితం ఆమె రాసినదే. మంగళవారాలు. దాని వెనక రెండో కాగితం ఉంది. సెప్టెంబరు ఇరవై రెండు నుంచి డిసెంబరు ఎనిమిది దాకా పన్నెండు గురువారాలు. మత్తీస్ నోర్లిన్, హాజరు. ఈవార్ స్టెన్‌మన్, హాజరు. దీసా లిండ్‌మార్క్, హాజరు. పన్నెండుకు పన్నెండూ. ప్రతి వారం కింద ఆమె సంతకం.

ఆ దేశంలో గురువారం అంటే ఎక్కడైనా బఠాణీ సూపు, పాన్‌కేకులు. గురువారం మధ్యాహ్నం దీసా వృద్ధాశ్రమం వంటింట్లో ఎనభై మందికి పాన్‌కేకులు వేస్తూ ఉంటుంది. ఇవాళ కూడా గురువారమే. ఈ ప్రశంసాపత్రం కోసం తోటి వంటామెను బతిమాలి డ్యూటీ మార్చుకుని వచ్చింది.

సంతకం బాగానే దింపారు. 'దీ' తల మీద ఆమె చుట్టే చుట్టు కూడా ఉంది. కానీ ప్రతి అక్షరం మీదా సిరా కుడివైపుకు పులుముకుపోయి ఉంది. రాసిన అక్షరం మీదనే చెయ్యి ఈడ్చుకుంటూ పోయే ఎడమచేతి వాటం మనిషి పని అది. బ్యాండులో ఎడమచేతి వాటం డ్రమ్ములు వాయించే ఈవార్ ఒక్కడిదే.

మత్తీస్ అయితే దీసాకు ఇంత నొప్పి కలిగేది కాదు. మత్తీస్ ఏదో ఒకరోజు ఏదో ఒకటి చేస్తాడని ఆమెకు లోలోపల తెలుసు. ఈవార్ చేస్తాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు. సగం తిన్న బన్ను పక్కన పెట్టేసింది.

"ఏమ్మా, బాలేదా?"

"చాలా బావుందండీ."

మైబ్రిట్ ప్రశంసాపత్రంతో పాటు ఇంకో ఫారం కూడా చేతికిచ్చింది. ఆ రెండు హాజరు పట్టీల నకళ్ళూ దానికి కుట్టి ఉన్నాయి. "ఇదంతా నిజమేనని సర్కిల్ లీడరు ఒక్క సంతకం పెట్టాలి. రేపు పన్నెండింటికల్లా నాకు అందాలి. అందలేదనుకో, సర్కిల్ రద్దు, తాళంచెవి వెనక్కి. రూల్స్ నేను పెట్టినవి కాదులే. ఇప్పుడే పెట్టేస్తావా, ఓ పనైపోతుంది?"

"చదువుకుని పెడతానండీ."

"చూశావా, శ్రద్ధంటే ఇదీ!" అని మైబ్రిట్ పక్క బల్ల ఆయనతో అంది.

బయట మూడున్నరకే వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. మంచు కాళ్ళ కింద కరకరలాడుతోంది. నది వైపు సందులో, అపార్టుమెంట్ల కింద పాత లాండ్రీ గదే వాళ్ళ రిహార్సల్ గది. దీసా గబగబా నడవలేదు. ఎవరో నాలుగో మనిషి ఉండి ఉంటాడని, తన పేరు మీద కూర్చుని తన పాటలు వాయిస్తుంటాడని అనుకుంటూ, వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నడిచింది. తను కాక ఊళ్ళో బేస్ గిటారు వాయించేవాళ్ళు అయిదుగురే. ఒక్కొక్కణ్ణీ తలుచుకుని తిట్టుకుంది.

మెట్లు దిగగానే తలుపు బయట బూట్లు కనిపించాయి. రెండే జతలు. మత్తీస్ వీ, ఈవార్ వీ. మూడో జత లేదు.

కానీ లోపల్నుంచి బేస్ వినిపిస్తోంది.

అది తన వాయింపే. ఎవరో తనలా వాయించడం కాదు, తనే. 'ఆవిరి' పాట. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు దుప్పట్లు ఉతికి పోయిన తల్లి మీద దీసా రాసిన పాట. ఊరి యాసలో, తల్లి మాట్లాడిన మాటల్లోనే రాసింది. దాని మీద మత్తీస్ గొంతు పాడుతోంది, ఇంగ్లీషులో. దీసా చెవి తలుపుకు ఆనించి విన్నది. వేడి నీళ్ళు పోయాయి, దుప్పట్లు పోయాయి, వేళ్ళ పగుళ్ళు పోయాయి. 'అమ్మా' అని ఉన్న ప్రతిచోటా 'బేబీ' ఉంది.

పాట ముగిసింది. ఆ వెంటనే లోపల్నుంచి దీసా గొంతే, స్పష్టంగా, "బాలేదు. మళ్ళీ చేద్దాం" అంది.

"నోరు మూసుకోవే దీసా," అన్నాడు మత్తీస్ మామూలుగా. ఈవార్ కిసుక్కున నవ్వాడు.

వాళ్ళు ఆ మాట అనడం అది మొదటిసారి కాదని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. పన్నెండు వారాలుగా అలవాటైన జోకు అది. దీసాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. తలుపు తోసింది.

బూట్లు విప్పకుండానే లోపలికి నడిచింది. అది చూసే ఈవార్ భయపడ్డాడు. ఆ గదిలో బూట్లతో అడుగుపెట్టినందుకు ఒకసారి దీసాయే ఓ జర్నలిస్టును బయటికి పంపింది.

ఆమె నిలబడే చోట ఒక కుర్చీ, కుర్చీ మీద నాలుగు ట్రాకుల టేప్ రికార్డరు. వేసవిలో ముగ్గురూ కలిసి పాటలు రికార్డు చేసుకున్నది దాని మీదే. ఒక్కొక్కరి వాయిద్యానికీ ఒక్కో ట్రాకు, నాలుగోది గొంతుకు. మిగతా మూడూ మూసేసి, ఆమె మాటలు కూడా పడ్డ బేస్ ట్రాకు ఒక్కటే తెరిచి, వైరు తీసుకెళ్ళి ఆమె యాంప్లిఫయర్‌కే తగిలించారు. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి.

"ఇవాళ నీకు డ్యూటీ కదా?" అన్నాడు మత్తీస్.

"అదేనా నువ్వడిగేది?"

"కాదు... అంటే..."

దీసా సంచీలోంచి ఫారం తీసి డ్రమ్ము మీద పెట్టింది. "పన్నెండు గురువారాలు వచ్చానట నేను. ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేమ్ కట్టించి ఎక్కడ పెడదాం? ఆ కుర్చీకి తగిలిద్దామా?"

ఈవార్ పుల్లలు కింద పెట్టి తల వంచుకున్నాడు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉంటాడు. కూర్చున్నా లేచి పోబోతున్నవాడిలానే ఉంటాడు. మత్తీస్ అలా కాదు. తప్పు దొరికితే మొదట వాడికి కోపం వస్తుంది.

"గది కావాలంటే ముగ్గురుండాలి. అది నీకు తెలుసు. ఇద్దరమే వచ్చామని రాస్తే గురువారాలు ఇవ్వరు."

"అందుకని నన్ను రాశారా?"

"నీ బేస్ వచ్చింది కదా! ఒక్క వారం కూడా మానలేదు. ఆలస్యంగా రాలేదు. హాజరు వేశాం, తప్పేముంది?"

"థూ, నీ బతుకు."

"తిట్టు. తిట్టడం నీకొచ్చినంత బాగా ఎవరికీ రాదు. కానీ ఒకటి చెప్పు. ఇంగ్లీషులో పాడదామని నిన్ను ఎన్నిసార్లు అడిగాను? పదిసార్లు. పదిసార్లూ బేస్ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయావు. ఈ యాసలో పాడితే పక్కనున్న ఊమెయో దాటదే మన పాట! నలభై మంది ముందు, యువజన హాల్లో, ఆ తుప్పు పట్టిన మైకులో... ఇంకెన్నేళ్ళు? నాకు ఇరవై ఆరొచ్చాయి. మా నాన్న నా మొహం చూడగానే ఫ్యాక్టరీలో ఖాళీ ఉందంటాడు. ప్రతి ఆదివారం! బంగాళాదుంపలు వడ్డిస్తూ అంటాడు!"

అందులో అబద్ధం లేదు. దీసా పదిసార్లూ వెళ్ళిపోయిన మాట నిజం. చెప్పి ఒప్పించే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. ఒక పాటను పదిహేనుసార్లు ఆపి, పదహారోసారి కూడా బాలేదంటుంది. ఆమెతో వాయించడం సుఖం కాదు. ఆమె లేకపోతే అక్కడ వాయించడానికి ఏమీ ఉండేది కాదన్నదీ అంతే నిజం. ఆ రెండో నిజాన్ని మత్తీస్ ఎన్నడూ పైకి అనలేదు.

"మా అమ్మను బేబీ చేశావురా," అంది దీసా.

మత్తీస్ తడబడ్డాడు. "అది... ఇంగ్లీషులో 'అమ్మా' అంటే బాగుండదు. స్టాక్‌హోమ్ ఆయన కూడా అదే..."

"ఓహో. ఆయన విన్నాడన్నమాట."

గదిలో హీటరు టకటకమంటోంది. మత్తీస్ ఈవార్ వైపు చూశాడు. ఈవార్ చూడలేదు.

"క్యాసెట్టు పంపాం. అక్టోబర్లో. బావుందన్నాడు. ఇద్దరే అయితే ఇంకా బావుంటుందన్నాడు. ఇద్దరు మనుషులు, ఒక టేపు. కొత్తగా ఉంటుందట."

"ఇద్దరు మనుషుల బ్యాండుకు 'మూడో పేరు' అని పేరా?"

"ఆయనకు ఆ పేరే నచ్చింది."

దీసాకు నవ్వొచ్చింది, చేదుగా. ఆ పేరు ఎక్కడ పుట్టిందో స్టాక్‌హోమ్ ఆయనకేం తెలుసు? మూడేళ్ళ కిందట మైబ్రిట్ బల్ల ముందు దీసా, మత్తీస్ నిలబడి ఉన్నారు. ఫారంలో మూడు గీతలు, ఉన్నది ఇద్దరు. "మూడో పేరు ఏదమ్మా?" అని మైబ్రిట్ అడిగింది. ఏం చెయ్యాలో తోచక, రోజూ బస్సులో తన ముందు సీటు వెనక వేళ్ళతో దరువేసే పొడుగాటి కుర్రాడి పేరు రాసేసింది దీసా. వాడికి డ్రమ్ములు వచ్చో రావో కూడా తెలియదు. రావు. అప్పుడు నేర్చుకున్నాడు.

మత్తీస్‌కు కూడా ఆ రోజే గుర్తొచ్చినట్టుంది. "అసలు నువ్వే మొదలుపెట్టావు ఈ పని! వీణ్ణి అడిగి రాశావా పేరు? వీడికి తెలియకుండా వీణ్ణి బ్యాండులో పెట్టావు. నీకు తెలియకుండా నిన్ను మేం పెట్టాం. చెల్లుకు చెల్లు!"

"కాదు," అన్నాడు ఈవార్.

ఇద్దరూ వాడివైపు తిరిగారు.

"చెల్లుకు చెల్లు కాదు మత్తీస్. ఆమె నన్ను అడక్కుండా లోపల పెట్టింది. అంతకుముందు నా పేరు ఎవ్వరూ ఎక్కడా రాయలేదు, బడిలో ఫుట్‌బాల్ జట్టులో కూడా. సర్కిల్లో నా పేరు చేరిందని ఆఫీసు ఉత్తరం ఇంటికొచ్చిన రోజు మా అమ్మకు చూపించి ఏడ్చాను. మనం చేసింది అది కాదు."

"మరెందుకు చేశావురా?" అంది దీసా. "వాడి సంగతి నాకు తెలుసు. నువ్వెందుకు? పన్నెండుసార్లు! ఒక్కసారైనా మంగళవారం నా మొహం చూసి చెప్పాలనిపించలేదా?"

"ప్రతి మంగళవారం అనిపించింది."

"అయితే?"

"నువ్వు కోప్పడతావని."

ఎంత చిన్న జవాబు! దీసా ఆ మాటకు కూలబడింది. కూర్చోవడానికి కుర్చీ లేదు, దాని మీద తనే తిరుగుతోంది. టేపు ముందుకు పోయి ఇంకో పాట మొదలైంది. నేల మీద కూర్చుని, చెయ్యి చాచి మీట నొక్కి ఆపేసింది.

"సరే. విను మత్తీస్. ఈ ఫారం మీద రేపు పన్నెండులోపు నా సంతకం ఉండాలి. గురువారాలన్నీ నిజమేనని. లేకపోతే సర్కిల్ లేదు, గది లేదు. శనివారం ఆయన వచ్చి మంచులో నిలబడి వింటాడు మీ పాటలు."

మత్తీస్ మొహంలో రంగు పోయింది. "పెట్టవా?"

"ఎందుకు పెట్టాలి? ఒక్క కారణం చెప్పు."

"దీసా, ప్లీజ్. శనివారం ఒక్కటీ గడవనీ. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం, నీకేం కావాలో..."

"ఆ తర్వాత ఏం లేదు," అన్నాడు ఈవార్. "చెప్పెయ్ మత్తీస్."

"నువ్వు నోర్ముయ్!"

"దీసా, ఆ సంతకం నేను హాజరు పట్టీ మీద ఒక్కచోటే పెట్టలేదు."

దీసా తలెత్తింది.

"ఆయన కాగితం కావాలన్నాడు. మూడో మనిషి ఇష్టపూర్వకంగా వెళ్ళిపోయినట్టు, బ్యాండు పేరు, పాటలు మిగతా ఇద్దరికీ వదిలేసినట్టు. మత్తీస్ టైపు చేశాడు. నీ సంతకం ఎలాగూ వస్తోంది కదా, ఒక్కటి పెట్టెయ్యరా, నేను దీసాతో మాట్లాడతాను అన్నాడు. నవంబరు పద్నాలుగున పెట్టాను. ఆ మర్నాడే పోస్టు చేశాడు."

దీసా ఆ నెల రోజుల్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేసింది. నవంబరు పదిహేను మంగళవారం. ఆ రోజు మత్తీస్ ఆమెకు కాఫీ పోశాడు. నీ కొత్త పాట బావుందన్నాడు. అప్పటికి ఆమె బ్యాండులో లేదు. లేని మనిషి అయిదు మంగళవారాలు వచ్చి, తాళం తీసి, మంచు ఊడ్చి, బేస్ శ్రుతి చేసుకుని, తన పాటలు వాళ్ళకు నేర్పి వెళ్ళింది. ఇంత నీచంగా తనను ఎవరైనా చూడగలరని ఆమె అనుకోలేదు. అసహ్యమేసింది, వాళ్ళ మీదా, ఆ కాఫీ తాగిన తన మీదా.

"పద్నాలుగునా?" అంది.

"ఊఁ."

"నవంబరు పద్నాలుగు. సోమవారం."

"అవును."

దీసా డ్రమ్ము మీది ఫారం అందుకుంది. హాజరు పట్టీ నకలు విప్పి, వేలితో గడులు వెతుక్కుంటూ పోయింది. నవంబరు పదిహేడు. ఇరవై నాలుగు. డిసెంబరు ఒకటి. ఎనిమిది. నాలుగింటిలోనూ ఆమె పేరు ఎదురుగా ఇంటూ గుర్తు. నాలుగింటి కిందా 'సర్కిల్ లీడర్ దీసా లిండ్‌మార్క్', కుడివైపుకు పులుముకున్న సిరా. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచింది.

"పెన్నివ్వు, ఈవార్."

మత్తీస్ ఊపిరి వదిలాడు. "థాంక్స్ దీసా. ఒట్టు, నేనెప్పుడూ..."

ఆమె వాడి మాట వినడం లేదు. మూడేళ్ళలో ఆ కాగితం మీద ఒక్క అబద్ధపు గుర్తు పెట్టని మనిషి, పన్నెండు అబద్ధాల కింద ఒక్క సంతకం పెట్టింది. సిరా పులుముకోలేదు. 'పైవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను.' కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

"వచ్చానురా ప్రతి గురువారం," అంది లేస్తూ. "మీరు చెప్పారు, నేను ఒప్పుకున్నాను, రేపు పొద్దున ఆఫీసులో ముద్ర కూడా పడుతుంది. పద్నాలుగున వెళ్ళిపోయిన మనిషి పదిహేడున ఇక్కడ ఎలా ఉంది? ఆ తర్వాత ఇంకో మూడు వారాలు లీడరుగా ఎలా సంతకం పెట్టింది? మీ కంపెనీ ఆయనకు నేనే చూపిస్తాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాను, ఏది నిజమో మీ ఇద్దరూ చెప్పండి. ఇది అబద్ధమంటే గది పోతుంది. అది అబద్ధమంటే పేరూ పాటలూ మీవి కావు."

మత్తీస్‌కు అప్పటికి అర్థమైంది. గిటారు మెడ మీద వాడి వేళ్ళు బిగుసుకున్నాయి. సంచీ లాక్కుంటాడేమోనని ఈవార్ లేచి ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు, మొట్టమొదటిసారి పూర్తి ఎత్తున.

దీసా కుర్చీ మీది టేప్ రికార్డరును రెండు చేతులా ఎత్తి కింద పెట్టింది. వైరు పీకింది. తన కుర్చీలో తను కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు మత్తీస్. శనివారం ఆయన ఎన్నింటికి వస్తున్నాడు? నాకు చెప్పిన టైము కాదు. అసలు టైము."